కుర్చీ వేడి

విమానాన్ని నేల విడిపించింది నేను కాదు.
దించబోయేదీ నేను కాదు.
నిన్న సాయంత్రం ఎవరో ఎగరేశారు,
రేపు మధ్యాహ్నం ఎవరో దించుతారు.
నడి ఆకాశంలో అందుకుని
నడి ఆకాశంలోనే అప్పగించడం నా కొలువు.
తాంబరంలో, కిటికీల్లేని గదిలో,
ముందు కూర్చున్నవాళ్ళ ఒంటి వేడి
ఇంకా వదలని కుర్చీలో.

యంత్రాలకి ఉక్కపోయకూడదని పద్దెనిమిదిలో ఏసీ.
మే నెల మద్రాసులో
స్వెట్టరు చంకన పెట్టుకుని డ్యూటీకి వెళ్ళేది మేమే.
"ఊటీకా మేడమ్?" అంటాడు ఇస్త్రీ బండి మురుగప్పన్.
మెస్సులో జెట్ కుర్రాళ్ళు
"సీటు బెల్టు పెట్టుకున్నావా? కుర్చీలోంచి పడిపోతావేమో" అంటారు.
నవ్వేస్తాను.
వాళ్ళ చెయ్యి ఎటు తిరిగితే ఆకాశం అటు తిరుగుతుంది.
నేను చెయ్యి తిప్పాక
రెండు రెప్పపాట్లు ఆగాలి.
ఆ రెండింటి మధ్య ఏం చెయ్యాలో
ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

పక్క సీట్లో సార్జెంట్ లెంకా, బాలాసోర్ మనిషి.
కెమెరా అతని చేతిలో, రెక్కలు నా చేతిలో.
ఇద్దరం కలిస్తే ఒక గద్ద.
అతని డబ్బాలో పఖాళ,
మన చద్దన్నమే, పేరు మార్చుకుంది.
నా డబ్బాలో ఊరమిరపకాయలు.
తెర వెలుగులో సగం సగం.

ఆ రాత్రి రెండూ పదికి
సముద్రం మీద ఒక పడవ.
మా తెర మీద వేడిదంతా తెలుపు, చల్లనిదంతా నలుపు.
ఇంజను నల్లగా ఉంది. ఎప్పుడో ఆగిపోయినట్టుంది.
పడవలో బియ్యపు గింజలు.
లెంకా లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.
ఆరు.

కబురు పంపాం.
నౌక బయల్దేరింది, నాలుగు గంటలు పడుతుందన్నారు.
అంతవరకూ పైన తిరుగుతూ ఉండమన్నారు.
తిరిగాం.
పదిహేను వేల అడుగుల మీదనుంచి
ఒక మంచినీళ్ళ సీసా జారవిడిచే వీలు లేదు.
అరిస్తే వినపడదు. పైన మేమున్నట్టే వాళ్ళకి తెలీదు.
కంటికి రెప్పలా కాచామని రిపోర్టులో రాసుకోవచ్చు.
కన్నే మేము.
రెప్ప కాదు.

మూడున్నరకి
అయిదు గింజలు ఆరోదాని చుట్టూ చేరాయి.
ఒకటి దాని మీదికి వంగింది,
చాలాసేపు లేవలేదు.
తర్వాత, మేం చూస్తూండగానే,
తెలుపు మజ్జిగ రంగైంది,
మజ్జిగ రంగు బూడిదైంది.
తొందరేం లేదు దానికి.
అయిదున్నరకల్లా
పడవ చెక్కలకీ దానికీ
పెద్ద తేడా లేదు.

కంప్యూటరు మనుషుల చుట్టూ దానంతటదే
చిన్న చిన్న చతురస్రాలు గీస్తుంది.
అయిదే గీసింది.
లెంకా ఏమీ అనలేదు.
ఆరోది చేత్తో గీశాడు.

ఆరింటికి మఖీజా సార్ వచ్చాడు, టీ గ్లాసుతో.
"ఎంతమంది?"
"ఆరుగురు" అన్నాను.
అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు,
గ్లాసు పక్కన పెట్టి కూర్చున్నాడు.
నౌక రావడానికి ఇంకో అరగంట.
అది నా షిఫ్టు కాదు.

బయట అప్పటికే ఎండ.
స్కూటర్ సీటు కాలుతోంది.
సేలయూరు మలుపులో చేపలామె
వంజరం తోక పట్టి ఎత్తి
"తాకి చూడమ్మా, మంచులా ఎంత చల్లగా ఉందో!" అంది.
తాకలేదు.
ఆమెకేం తెలుసు.
చిల్లర లేదని చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.
పట్టినట్టు పడుకున్నాను.

షిఫ్టు మారితే సముద్రం మారుతుంది.
నిన్నటి పడవ సంగతి అడగడం మర్యాద కాదు మా దగ్గర;
చెప్పాలనుకున్నవాళ్ళు చెబుతారు.
రాత్రి తలుపు తీసేసరికి
మఖీజా సార్ స్వెట్టరు విప్పుతూ లేచాడు.
ఏదో అనబోయాడు.
నేను ఆగలేదు.
కుర్చీ చల్లారకముందే
వెళ్ళి కూర్చున్నాను.